రోట్లో చెయ్యి ఎవరిది?

మా హోటల్లో ఎవరిని పనిలో పెట్టుకోవాలో నిర్ణయించేది ఆంటీ డూఫియే. ఆ నిర్ణయం తప్పితే నలిగేవి మాత్రం నా వేళ్ళు. ఈ ఏర్పాటులో ఏదో లోపం ఉందని ఇరవై రెండేళ్ళుగా నేను చెబుతూనే ఉన్నాను. ఆవిడ విసనకర్ర విసురుకుంటూ వింటూనే ఉంది.

నా పేరు పొకువా. కొనొంగోలో, కుమాసీ నుంచి ఆక్రా వెళ్ళే రోడ్డు పక్కన, ‘దేవుడే చూసుకుంటాడు’ అని నీలం బోర్డు పెట్టిన హోటల్లో ఫుఫు ముద్ద తిప్పేదాన్ని నేనే. ఉడికిన కర్రపెండలం, అరటికాయ రోట్లో వేస్తే, నిలబడ్డ మనిషి నిలువెత్తు రోకలి ఎత్తి వేస్తాడు. చిన్న పీట మీద కూర్చున్న నేను పోటుకీ పోటుకీ మధ్య తడిచేత్తో ముద్దను మడిచి, తిప్పి, చెయ్యి తీసేస్తాను. కనురెప్ప వేసినంత సేపు కూడా ఉండదు. రోజుకు ఎన్ని పోట్లు పడతాయో నేనెప్పుడూ చూసుకోలేదు. చూసుకుంటే మర్నాడు పనిలోకి రాబుద్ధి కాదు.

నా కుడిచేతి చిటికెన వేలు వంకర. అది పుట్టుకతో వచ్చిన వంకర కాదు, ఆంటీ ఎంపికతో వచ్చిన వంకర. పన్నెండేళ్ళ కిందట ఒకణ్ణి రోకలి పనిలో పెట్టింది. ఎందుకు పెట్టావక్కా అంటే, చచ్చిపోయిన మా అన్న పేరూ అతని పేరూ ఒకటే, దేవుడు చూపించాడు అంది. పేరైతే ఒకటేగాని, ఆ అన్నగారు బతికుండగా ఎవరి వేలూ విరగ్గొట్టిన దాఖలా లేదు. వీడు మూడో వారంలోనే నా వేలు విరగ్గొట్టి, నాకంటే గట్టిగా ఏడ్చి, ఊరొదిలి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత దొరికినవాడు డాంకొర్. ఆంటీ అతన్ని ఎంచిన కారణం కూడా గొప్పదేం కాదు. ఫుఫు తినే మర్యాద ప్రకారం ముద్ద నమలకుండా మింగాడు, కాబట్టి మంచి ఇంట్లో పెరిగాడు అంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆ ఒక్కసారి మాత్రం ఆవిడకు సరైన మనిషి తగిలాడు. పదకొండేళ్ళు కలిసి పనిచేశాం. మొదటి ఏడాది రోకలినే చూస్తూ తిప్పాను. తర్వాత తర్వాత లారీ డ్రైవర్లతో తగువాడుతూ, అరటిపళ్ళమ్మాయిని పలకరిస్తూ, మొహం ఎటో పెట్టి తిప్పేదాన్ని. డాంకొర్ ఒక్కసారీ తప్పలేదు. అలాంటి డాంకొర్, తన భార్య టెచిమాన్‌లో కొట్టు పెట్టిందని, ఆదివారం నాడు నా చేతిలో ఒక కోడిని పెట్టి, సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ కోడిని కోయడానికి నాకు చేతులు రాలేదు.

సోమ, మంగళవారాలు ఫుఫు లేక అన్నం వండాం. వచ్చినవాళ్ళు కంచాల వంక చావింటికి వచ్చినట్టు చూశారు. మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి రోజూ వచ్చే బఫూర్ పెద్దాయన, ఊళ్ళో తగవులు తీర్చే మనిషి, అన్నం గరిటె చూసి కుర్చీలో కూర్చోకుండానే ఎదురుగా ఉన్న హోటలుకు నడిచాడు. అప్పటికి గాని ఆంటీ విసనకర్ర ఆగలేదు.

"బుధవారం పొద్దున్న మనుషులు వస్తున్నారు. చర్చిలో చెప్పాను," అంది.

"అక్కా, ఈసారి నన్నొక మాట అడుగు. చెయ్యి నాది."

"నువ్వు తిప్పేదానివి, నేను ఎంచేదాన్ని. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే లోకం సజావుగా ఉంటుంది."

"నీ పని నువ్వు చేస్తే నా వేలు సజావుగా లేదు మరి."

"ఒక్క వేలు పట్టుకుని పన్నెండేళ్ళు సాధిస్తావేంటే. మిగతా తొమ్మిదీ బానే ఉన్నాయిగా."

ఆంటీ డూఫియే చెడ్డ మనిషేం కాదు. మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు హోటలు మూసి, నల్లగుడ్డ కట్టుకుని నా పక్కన కూర్చుంది. కాకపోతే పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్ళకు చిన్న పీట మీద నుంచి లోకం ఎలా కనిపిస్తుందో మరుపొస్తుంది. ఆవిడా ఒకప్పుడు ఇదే రోటి దగ్గర వాళ్ళమ్మకు ముద్ద తిప్పిన మనిషే. ఆ సంగతి గుర్తుచేస్తే నచ్చదు.

బుధవారం ముగ్గురు వచ్చారు.

మొదటివాడు అమాన్‌క్వా. చర్చిలో డప్పు వాయిస్తాడు. పాస్టరు దగ్గర నుంచి రెండు పేజీల ఉత్తరం తెచ్చాడు. అందులో పేజీన్నర కొత్త చర్చి కప్పుకి ఇంకా ఎంత రేకు కావాలో ఉంది, మిగతా అరపేజీలో ఇతను నమ్మకస్తుడని ఉంది. ఆంటీ ఆ ఉత్తరాన్ని కళ్ళకద్దుకుని మడిచిపెట్టింది. డప్పు వాయించేవాడికి తాళం తెలియకుండా ఎలా ఉంటుందని నేనూ ఆశపడ్డాను. తాళం తెలుసు. అయితే అతను పాట లేకుండా దంచలేడు. చరణం పాడినంతసేపూ రోకలి బుద్ధిగా పడింది. పల్లవి దగ్గరికొచ్చేసరికి భక్తి పొంగింది, కళ్ళు మూసుకున్నాడు, రోకలి అరతాళం ముందే దిగింది. చెయ్యి లాక్కున్నాను కాబట్టి సరిపోయింది.

"నాయనా, కళ్ళు తెరిచి పాడకూడదా?" అన్నాను.

"కళ్ళు తెరిస్తే ఆత్మ రాదు పిన్నీ."

"కళ్ళు మూస్తే నా ఆత్మ పోతుందయ్యా."

ఆంటీ మాత్రం "ఎంత భక్తి," అని తల ఊపింది.

రెండోవాడు సార్పోంగ్. అతను లోపలికి వస్తుంటే గుమ్మంలో వెలుతురు తగ్గింది. భుజాలు ద్వారబంధానికి రెండు వైపులా రాసుకున్నాయి. ఆంటీ కళ్ళు ముందు ఆ భుజాల మీదే పడ్డాయి. తర్వాత ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగింది.

"మీ అమ్మది ఏ ఊరు?"

"జువాబెన్, ఆంటీ."

"ఏ వంశం?"

"అసొనా."

ఆంటీ కుర్చీలోంచి లేచింది. "మాదీ అసొనాయే. అంటే నువ్వు నాకు చెల్లెలి కొడుకువే."

"అవును పెద్దమ్మా," అన్నాడు సార్పోంగ్, ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా. అప్పటిదాకా ఆంటీ అన్నవాడు గుటక మింగేలోగా పెద్దమ్మా అన్నాడంటే, కుర్రాడికి తెలివి లేదని నేను అనను.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ మొదటి బంతిలోనే కూర్చోబెట్టారు. ఎదురు హోటలు నుంచి తెప్పించిన మూడు ముద్దలు, పల్లీల పులుసులో మేకమాంసంతో, నమలకుండా మింగాడు. ప్రతి ముద్దకూ ఆంటీ నా వంక చూసింది, చూశావా అన్నట్టు. చూశాను. తినే పరీక్షలో వాడికి తిరుగులేదు.

అప్పుడు రోకలి అందుకున్నాడు. మొదటి పోటుకి రోలు నేల మీద గెంతింది. రెండో పోటుకి నా నీళ్ళ గిన్నె బోర్లాపడింది. మూడో పోటు పడేటప్పుడు రోడ్డు మీద నారింజపళ్ళ తట్టతో ఇద్దరమ్మాయిలు పోతున్నారు. వాడి చూపు ఎటు పోయిందో రోకలీ అటే పోయింది. అంచుకు తగిలి జారి, నా ఉంగరపు వేలి గోరు గీరుకుంటూ వెళ్ళింది. రక్తం రాలేదుగాని ఒళ్ళు చల్లబడింది. చీకట్లో పాము మీద కాలు పెట్టి తీసినట్టయింది.

"అక్కా, వీడు వద్దు."

"కొత్త కదే. అలవాటు పడతాడు."

"ఎవరు అలవాటు పడాలి, వాడా, నా వేళ్ళా?"

"పెద్దమ్మా, పిన్ని చెయ్యి కాస్త నిదానం అనుకుంటా," అన్నాడు సార్పోంగ్ వినయంగా. ఇరవై రెండేళ్ళ నా చేతికి మూడు ముద్దలు మింగినవాడు పెట్టిన పేరు అది. పులుసు గరిటె తిప్పుతున్న ఎఫువా పక్కకు తిరిగి నవ్వుకోవడం నాకు కనిపించింది. ఎఫువా మా పులుసుల మనిషి. ఆమె పొయ్యి రోటికి నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది కాబట్టి ఆమెకు తెలియని విషయం ఉండదు.

మూడోవాడు గుమ్మం పక్కన అంతసేపూ నిలబడే ఉన్నాడు. పేరు టాచీ. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. ఆంటీ ఆ భుజాలు చూసి విసనకర్ర మళ్ళీ అందుకుంది. వంశం అడిగింది, వేరే వంశం. పాస్టరు ఎవరంది, చర్చికి ఈస్టరుకు వెళతానన్నాడు. అప్పటికే ఆవిడ లెక్కలో సగం పోయాడు.

"ఇదివరకు ఏం చేసేవాడివి?"

"కమ్మరి కొలిమిలో సమ్మెట కొట్టేవాణ్ణి ఆంటీ. పద్దెనిమిదేళ్ళు. మా మేస్త్రి పోయాడు, కొలిమి మూసేశారు."

సమ్మెట అనగానే నా చెవులు నిక్కాయి. కొలిమిలో ఎర్రటి ఇనుమును పట్టకారుతో తిప్పేది మేస్త్రి, పెద్ద దెబ్బ వేసేది సమ్మెటవాడు. అంటే పద్దెనిమిదేళ్ళు ఇంకొకరి చేతి పక్కన కొట్టిన మనిషి. ఆ మేస్త్రికి వేళ్ళన్నీ ఉండేవా అని అడగాలనుకున్నాను.

అతను రోకలి దగ్గరికి వచ్చాడు. ఎత్తలేదు. ముందు నా వంక చూసి అడిగాడు.

"అక్కా, మీరు ఎటు నుంచి తిప్పుతారు?"

ఇరవై రెండేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. డాంకొర్ కూడా అడగలేదు, చూసి తెలుసుకున్నాడు. చూపించాను. అతను ఒకసారి తల ఊపి, నా చిటికెన వేలు చూశాడు.

"ఆ వేలు ముద్దలోంచి ఆలస్యంగా బయటికొస్తుందా?"

"వస్తుంది. వానాకాలంలో ఇంకా ఆలస్యం."

"అయితే మీరు ఈ వైపుకి జరగాలి. లేకపోతే నా రోకలి మీ చేతికి అడ్డొస్తుంది." నా పీట తనే ఎత్తి రోటికి అవతలి పక్కన పెట్టాడు. అటు కూర్చుంటే నా మొహం రోడ్డు వైపుకి వచ్చింది. ఇన్నేళ్ళూ పీట వేసిన చోటు నుంచి నాకు కనిపించేది పొగ పట్టిన గోడ. రోడ్డు మీదివాళ్ళను పలకరించాలంటే మెడ తిప్పాల్సి వచ్చేది.

అతను రోకలి పట్టుకున్నాడు. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద.

"ఆగు," అంది ఆంటీ. "ఏ చేత్తో దంచుతున్నావు?"

"రెండు చేతుల్తో ఆంటీ."

"పైన ఉన్నది ఏది?"

టాచీ తల దించుకున్నాడు. "ఎడమది. చిన్నప్పటి నుంచి అదే వాటం. తినేటప్పుడు, ఇచ్చేటప్పుడు కుడిచెయ్యే వాడతాను. మా అమ్మ కొట్టి నేర్పింది. బరువు ఎత్తేటప్పుడు మాత్రం ఎడమదే ముందుకొస్తుంది."

ఆంటీ రోడ్డు వైపు చూసింది. మా రోలు అందరికీ కనిపించేటట్టు ఉంటుంది. దంచడం చూస్తేనే జనానికి ఆకలి పుడుతుందని అలా పెట్టింది ఆవిడే. "బఫూర్ పెద్దాయన పోయినేడు ఎడంచేత్తో నీళ్ళు అందించిందని పెళ్ళివారి పిల్లనే వద్దన్నాడు. ఎడమచేతి ఫుఫు తింటాడా? వద్దు నాయనా."

"ఒక్క ముద్ద దంచనీ అక్కా," అన్నాను. "ముద్దకు వాటం ఉండదు."

దంచాడు. ఏం చెప్పను. రోకలి ప్రతిసారీ ఒకే ఎత్తుకు లేచింది, ఒకే చోట పడింది. నాలుగో పోటుకి నా చెయ్యి భయపడటం మానేసింది. పదో పోటుకి డాంకొర్ తిరిగొచ్చాడా అనిపించి కళ్ళు చెమర్చాయి, పొగ వల్ల అని చెప్పుకున్నాను. ముద్ద ఒలిచిన గుడ్డులా నునుపుగా వచ్చింది.

ఆంటీ చూసింది, మెచ్చుకుంది కూడా. "చక్కగా ఉంది. పని తెలిసినవాడివే." తర్వాత కళ్ళు మూసుకుని ఒక నిమిషం పెదవులు కదిపింది. ఇరవై రెండేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను, ఆ పెదవులు కదిలితే నాకు ప్రమాదం.

"సార్పోంగ్," అంది కళ్ళు తెరిచి. "దేవుడు చూపించాడు."

నేను పీట మీద నుంచి లేచాను. నాకు కోపం త్వరగా వస్తుందని కొనొంగో అంతా అంటారు. ఆ రోజు వచ్చింది కోపం కాదు, భయం. నాకు యాభై ఏళ్ళు. ఈ చేతి పని తప్ప నాకు వేరే పని రాదు. ఇంకో రెండు వేళ్ళు పోతే నన్ను ఏ హోటలూ పెట్టుకోదు. ఆంటీ జాలితో గిన్నెలు కడిగే చోట కూర్చోబెడుతుంది, ఆ జాలి నాకు వద్దు. చెయ్యి కొంగుకు తుడుచుకుని అందరికీ వినబడేట్టు అన్నాను.

"సరే అక్కా. నీ చెల్లెలి కొడుకేగా. నువ్వే కూర్చుని తిప్పు."

ఎఫువా గరిటె ఆగింది. బెంచీ మీద పులుసు కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు డ్రైవర్లు కూడా ఇటు తిరిగారు.

"నేనా?" అంది ఆంటీ.

"నీ చెయ్యి మర్చిపోయిందంటే చెప్పు, బలవంతం లేదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేను తల కాదు, చెయ్యే పెట్టమంటున్నాను."

నలుగురి ముందు ఆ మాటకు ఆవిడ ఎలా వెనక్కి తగ్గుతుంది. ఉంగరం తీసింది, గాజులు తీసింది, ఎఫువా చేతికిచ్చింది. గుడ్డ సర్దుకుని పీట మీద కూర్చుంటే మోకాళ్ళు పటపటమన్నాయి. ఉడికిన దుంపలు వేశాం. సార్పోంగ్ రోకలి ఎత్తాడు.

నేను అనుకున్నదేమిటంటే, రెండో పోటుకే ఆవిడ కెవ్వుమంటుంది, బుద్ధి వస్తుంది, కథ ముగుస్తుంది. అదేమీ జరగలేదు. వాడు రోకలిని పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దింపాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడుకోబెట్టాడు. నారింజపళ్ళ అమ్మాయిలు ఈసారి తిరుగుదారిలో వెళ్ళారు, తల కూడా తిప్పలేదు. ముద్దలో గడ్డలు గడ్డలుగా దుంప మిగిలిపోయింది, కాని ఆవిడ వేళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి.

"చూశావా," అంది ఆంటీ, గెలిచిన మొహంతో. "ఎంత జాగ్రత్త. నువ్వేమో లేనిపోనివి చెప్పావు."

న్యాయం కోసం అమాన్‌క్వాను కూడా పిలిచింది. అతను ఈసారి కళ్ళు విప్పార్చి, చావింట్లో పాడే పాట ఎత్తుకుని, చరణానికొక్క పోటు వేశాడు. పాట అయ్యేసరికి దుంప చల్లారిపోయింది. "వీడూ మర్యాదస్తుడే," అంది ఆంటీ.

ఆవిడ కోసం తవ్విన గోతిలో నేనే పడ్డాను. యజమాని వేళ్ళు లోపలుంటే రోకలికి కూడా మర్యాద వస్తుందని నాకు ముందే తట్టి ఉండాల్సింది. ఆవిడకు ఇప్పుడు సాక్ష్యం కూడా దొరికింది. రేపు నా వేలు విరిగితే, నేను కూర్చున్నప్పుడు వాడు బాగానే దంచాడు కదే, నీ చెయ్యే నిదానం అంటుంది. గుమ్మం దగ్గర టాచీ తన సంచి భుజానికి తగిలించుకుంటున్నాడు.

"ఇతను మిగిలాడక్కా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎడమచేతి వాడు దేనికే?"

"ఇద్దరికి కూర్చున్నావు. మూడోవాడికి కూర్చోకపోతే బఫూర్ పెద్దాయన ఏమంటాడు, తీర్పులో తేడా ఉందనడూ?"

ఆ పేరుకు ఆవిడ నిట్టూర్చింది. "సరే, రా. మెల్లిగా వెయ్యి నాయనా."

టాచీ సంచి దింపాడు. "కాస్త ఇటు జరగండి ఆంటీ," అని పీట అవతలి వైపుకి మార్పించాడు. వేడి దుంపలు పడ్డాయి. ఎడమచెయ్యి పైన పెట్టి రోకలి ఎత్తాడు. నాకు ఎంత ఎత్తు నుంచి వేశాడో సరిగ్గా అంతే ఎత్తు నుంచి వేశాడు. మొదటి పోటుకే ఆంటీ చెయ్యి లాగేసుకుంది. రెండోది పడింది. మూడోది పడింది. ఆవిడ వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి.

"ఏమయ్యా, ఈ చెయ్యి ఎవరిదో తెలుసా నీకు?"

టాచీ రోకలి నిలబెట్టాడు. గొంతులో వినయం తగ్గలేదు, మాట మాత్రం తడబడలేదు.

"చూడలేదు ఆంటీ. చెయ్యి ఎవరిదో చూస్తే దెబ్బ తప్పుతుంది. మా మేస్త్రి మొదటి రోజే చెప్పాడు. నా చెయ్యా, నా కొడుకు చెయ్యా అని చూడకు, ఇనుమును చూడు అన్నాడు. మీకొక లెక్కన, అక్కకొక లెక్కన వేశాననుకోండి, నా చేతికి రెండు లెక్కలవుతాయి. రెండు లెక్కలున్నవాడు ఎవరిదో ఒకరి వేలు నలగ్గొడతాడు. మీది మాత్రం కాదు."

సార్పోంగ్ తన కాళ్ళ వంక చూసుకున్నాడు. ఎఫువా పులుసు పొంగుతున్నా ఆమె చూడలేదు. ఆంటీ మొహంలో కోపం వస్తుందనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఆవిడ చేతి గురించి అలా మాట్లాడినవాళ్ళు లేరు. ఆవిడ నీళ్ళ గిన్నెలో చెయ్యి ముంచింది.

"మళ్ళీ వెయ్యి," అంది.

వేశాడు. ఆవిడ మడిచింది, ఆలస్యంగానే. ఇంకోటి వేశాడు. ఇంకోటి. ఎక్కడో మధ్యలో ఆవిడ చేతికి వాళ్ళమ్మ కాలం గుర్తుకొచ్చింది. భుజం దిగింది, మణికట్టు తేలికైంది. పోటుకి, మడతకి మధ్య ఆవిడ గొంతులో చిన్న కూనిరాగం కూడా వినిపించింది. ముద్ద పూర్తయ్యేదాకా లేవలేదు. లేచేటప్పుడు నేను చెయ్యి అందించాను. ఆ చెయ్యి వదలకుండా తిప్పి, నా చిటికెన వేలు దగ్గరగా చూసింది. పన్నెండేళ్ళలో ఆవిడ దాన్ని పట్టుకుని చూడటం అదే మొదలు.

"నొప్పి ఇంకా ఉందా?"

"వానాకాలంలో."

"ఎవడు వాడు?"

"నీ అన్నగారి పేరున్నవాడు."

"వాణ్ణి నేనే ఎంచాను కదే," అంది. అందులో దేవుణ్ణి కలపలేదు. నాకు చప్పున ఆవిడ మీద ప్రేమ పుట్టింది. ఇంకో మాట అని ఏడిపిద్దామనుకున్నదాన్ని ఊరుకున్నాను.

టాచీని పనిలో పెట్టుకుంది. అయితే ఆంటీ డూఫియే ఆంటీ డూఫియేనే. ఎడమచెయ్యి రోడ్డు మీదివాళ్ళకు కనబడకుండా రోలును జరిపించి, అతన్ని గోడవైపు మొహం పెట్టి నిలబెట్టించి, పక్కన పాత తలుపు చెక్క ఒకటి అడ్డం పెట్టించింది. నా పీట శాశ్వతంగా రోడ్డు వైపుకి వచ్చింది. సార్పోంగ్‌ను పంపించలేదు. చెల్లెలి కొడుకును ఎవరైనా పంపిస్తారా. దుంపల బస్తాలు, నీళ్ళ పీపాలు మోయడానికి పెట్టింది, ఆ పనికి ఆ భుజాలు సరిగ్గా సరిపోయాయి. మూడు ముద్దలూ యథాప్రకారం. అమాన్‌క్వా చేతికి పాస్టరుకు రెండు పేజీల ఉత్తరం ఇచ్చి పంపింది. అందులో పేజీన్నర దుంపలు ఎంత ప్రియమయ్యాయో రాయించింది.

గురువారం మధ్యాహ్నం బఫూర్ పెద్దాయన వచ్చాడు. చెక్క అవతల దభీదభీమని వినిపిస్తుంటే చెవి అటు పెట్టి కాసేపు విన్నాడు. మొదటి ముద్ద తిన్నాడు, రెండో ముద్ద అడిగాడు. చెయ్యి కడుక్కుంటూ, "డూఫియే, ఇన్నాళ్ళకు మళ్ళీ కుదురైన చెయ్యి దొరికిందే నీకు," అన్నాడు. ఆంటీకి దగ్గొచ్చింది. ఎఫువా పొయ్యిలో కట్టెలు సర్దడానికి వంగి చాలాసేపు లేవలేదు.

ఆ మర్నాడు శుక్రవారం. పనిలో పడి ఉన్నాం. రోడ్డు మీద దుంపలమ్మే ఆబ్రఫీ కనిపించింది. శనివారం తన మనవరాలికి పేరు పెడుతున్నారట, వస్తావా అంది. ఏం పేరంటే చెప్పింది. అది మీ అత్తగారి పేరు కదా, ఆవిణ్ణి జన్మంతా తిట్టిపోశావే అన్నాను. పోయింది కదా, ఇప్పుడు ప్రేమే అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె తట్ట దించుకుని, పాప ముక్కు ఎవరిదో, చెవులు ఎవరివో అన్నీ చెప్పింది. అన్నీ విన్నాను. ఆమె తట్ట ఎత్తుకుని వెళ్ళాక ఎఫువా పొయ్యి దగ్గర నుంచి పిలిచింది.

"పొకువా, నీ చెయ్యి."

కిందికి చూశాను. నా చెయ్యి రోట్లో ఉంది. దాని మానాన అది మడుస్తోంది, తిప్పుతోంది, తీస్తోంది. టాచీ తల ఎత్తలేదు, ముద్దనే చూస్తున్నాడు. నాలుగు తిన్నని వేళ్ళు, ఒక వంకర వేలు, అన్నీ పిండితో తెల్లగా ఉన్నాయి. డాంకొర్ దగ్గర ఈ ధీమా రావడానికి నాకు ఏడాది పట్టింది. ఇక్కడ మూడు రోజులు.

పెద్ద కుర్చీలోంచి ఆంటీ ఇదంతా చూస్తూనే ఉంది. విసనకర్ర ఊపుకుంటూ, తృప్తిగా తల పంకించింది.

"నేను చెప్పలేదటే. దేవుడు చూపించాడు."

"చూపించాడక్కా," అన్నాను. "నీ చెయ్యి రోట్లో పెట్టించి మరీ చూపించాడు."